ఫాదర్ హెస్బర్గు: విశ్వవిద్యాలయమును నడిపిన గురువు



గురువు పని గుడిలో, పంతులు పని బడిలో, రాజ్యపు పని కచ్చేరీలో. ఎవరి హద్దులో వారుండవలెనని మన పల్లెలలో పెద్దలు చెప్పుచుందురు. ఆ మాటలో జ్ఞానము లేకపోలేదు. పొలము గట్టు చెరిపినవాడు తగవు తెచ్చుకొనును గదా. అయినను ఒకే మనిషి ఈ మూడు చోట్లను నిలువవలసివచ్చిన యెడల అతడు ఎవరికి లోబడవలెను? ఎవరి యెదుట కాదని చెప్పవలెను? ఈ నెల మీకు చెప్పబోవునది అట్టి సంకటములో జీవితమంతయు గడిపిన ఒక కతోలిక గురువు చరిత్ర. ఆయన పేరు ఫాదర్ థియొడోర్ హెస్బర్గు. అమెరికా దేశమందు ఇండియానా రాష్ట్రములోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమునకు 1952 మొదలు 1987 వరకు, అనగా 35 సంవత్సరములు, ఆయన అధ్యక్షుడై యుండెను. మన పాఠకులలో అన్ని సంఘములవారును ఉన్నారు. ఆయన ఏ శాఖవాడని అడుగక, ఏమి చేసెనో చూడుడని కోరుచున్నాను.

విశ్వవిద్యాలయపు అధ్యక్షుడనగా మన దేశములో వైస్ ఛాన్సలరు వంటివాడు. అయితే మన విశ్వవిద్యాలయములలో పెక్కింటిని ప్రభుత్వము పోషించును. అక్కడ ప్రైవేటు విశ్వవిద్యాలయమునకు ధనము సమకూర్చు భారము చాలవరకు అధ్యక్షుని తలపై నుండును. గురువైనవాడు దాతల గుమ్మములెక్కి అడుగవలెను, ఆచార్యులను తేవలెను, యువకుల అల్లరికి సమాధానము చెప్పవలెను, ఆదివారమున పూజ చేయవలెను.

ఆ స్థలపు కథ కొంచెము చెప్పనిండు. 1842 నవంబరు నెలాఖరున, నేల మంచుతో కప్పబడియున్న దినములలో, ఎడ్వర్డు సోరిన్ అను 28 ఏండ్ల ఫ్రెంచి గురువు కొందరు బ్రదర్లను వెంటబెట్టుకొని అక్కడి అడవి భూమికి వచ్చెను. వారు పవిత్ర సిలువ సభకు చెందినవారు. అక్కడ వారికి దొరికినవి చెరువులు, దుంగలతో కట్టిన చిన్న గుడి, కొన్ని వందల డాలర్లు. 1844 లో రాష్ట్రము వారికి విశ్వవిద్యాలయముగా సనదు ఇచ్చెను. నిజమునకు అప్పుడు అది పిల్లల బడియే; పేరు మాత్రము ముందుగా పెద్దది పెట్టుకొనిరి. 1879 ఏప్రిలు 23 న ముఖ్య భవనము కాలి బూడిదయ్యెను. సోరిను గడ్డము నెరసినవాడు, 65 ఏండ్లవాడు. మనము చిన్నదిగా కట్టితిమి గనుక దేవుడు దీనిని తీసివేసెను, ఇక పెద్దది కట్టుదమని ఆయన చెప్పినట్లు వారి పెద్దలు చెప్పుకొందురు. ఆ శరత్కాలమునకే క్రొత్త భవనములో తరగతులు తెరచిరి. తరువాత దాని శిఖరముమీద బంగారు పూత పూసిన గోపురమును, దానిపై మరియమ్మ ప్రతిమను నిలిపిరి. నోటర్ డేమ్ అనగా ఫ్రెంచిలో మన దొరసానమ్మ అని అర్థము.

హెస్బర్గు 1917 మే 25 న న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూస్ పట్టణమున పుట్టెను. అయిదుగురు పిల్లలలో రెండవవాడు. తండ్రి గాజు పలకలు చేయు కంపెనీలో ఉద్యోగి. బాలుడు పూజలో గురువునకు సహాయము చేయుచుండగా, పవిత్ర సిలువ సభ మిషనరీలు ఆ ఊరికి ప్రసంగములకై వచ్చిరి. ఒకరు ఈ పిల్లవానిని గుర్తించి, ఇప్పుడే సెమినరీ బడికి పంపుమని తల్లిని అడిగెను. ఆమె పంపననెను. ఇప్పుడు రాకపోయిన పిలుపు పోగొట్టుకొనునేమో అని ఆయన భయపెట్టగా, క్రైస్తవ కుటుంబములో పెరిగి పోగొట్టుకొను పిలుపైతే అది మొదటినుండి లేని పిలుపేనని ఆ తల్లి బదులు చెప్పెనట. తల్లులారా, ఈ మాట మీకొరకే వ్రాయుచున్నాను. పిల్లలను బడికి పంపక ముందే పాస్టరు చేయవలెనని తొందరపడు తండ్రులును ఒకసారి చదువవచ్చును.

హైస్కూలు ముగిసిన పిమ్మట, 1934 లో, ఆయన తానే వెళ్లి చేరెను. 1937 లో పెద్దలు ఆయనను రోమునకు పంపిరి. యుద్ధము చుట్టుముట్టగా 1940 లో తిరిగి రావలసివచ్చెను. 1943 జూను 24 న నోటర్ డేములోని దేవాలయమున గురుపట్టమొందెను. ఆ దేవాలయపు ఒక ద్వారముమీద, మొదటి ప్రపంచ యుద్ధములో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకార్థము, దేవుడు, దేశము, నోటర్ డేమ్ అను మూడు మాటలు చెక్కబడియున్నవి. 47 సంవత్సరముల తరువాత ప్రచురించిన తన స్వీయచరిత్రకు ఆ మూడు మాటలనే పేరు పెట్టెను.

ఆయన మనస్సు వేరొక చోట నుండెను. ఓడలమీద నావికులకు చాప్లిను కావలెనని బహుగా కోరెను. వాషింగ్టనులో వేదాంతశాస్త్రమున డాక్టరేటు పూర్తియైన వెంటనే పంపుడని పెద్దలను వేడుకొనెను. వారు, నోటర్ డేమ్‌కు వెళ్లి పాఠములు చెప్పుమనిరి. ఆయన వెళ్లెను. మూటలు కట్టుకొని వచ్చిన ఆ యువకునికి నావికులు దొరకలేదుగాని, యుద్ధమునుండి తిరిగివచ్చి పెండ్లము బిడ్డలతో చదువుకొనుచున్న సైనికుల చిన్న వాడ దొరికెను. కటకటగా బ్రతుకుచున్న ఆ కుటుంబములకు ఆయన చాప్లిను అయ్యెను.

ఆయన డాక్టరేటుకు వ్రాసిన గ్రంథము ఏమిటో గమనించుడు. బాప్తిస్మమును, భద్రమైన అభ్యంగనమును పొందిన సామాన్య విశ్వాసికి సంఘపు పనిలో ఏ హక్కు, ఏ బాధ్యత గలదు అనునదే దాని విషయము. ఇరువది ఏండ్ల తరువాత ఈ సంగతి మరల మనకు కావలసివచ్చును; జ్ఞాపకముంచుకొనుడు.

1952 లో ఆయనకు 35 ఏండ్లు. ఆ సభలో ప్రతి సంవత్సరము ధ్యానదినముల ముగింపున ఎవరు ఎక్కడికి వెళ్లవలెనో చదివి వినిపించుట ఆచారము. అధ్యక్షుడైన ఫాదర్ జాన్ కావనా గడువు తీరెను. హెస్బర్గు పేరు చదివిరి. బయట కావనా ఆయన చేతిలో గది తాళపుచెవి పెట్టి, ఆ సాయంకాలము తాను ఒక కుటుంబ సంఘములో మాట్లాడుదునని ఒప్పుకొంటినని, ఇక అది కూడ నీ పనియేనని చెప్పి వెళ్లిపోయెనట. పట్టాభిషేకము లేదు, ఊరేగింపు లేదు. నియమము ప్రకారము మఠపు పెద్దగా ఆరేండ్లకు మించి ఉండరాదు. 1958 లో మఠపు పెద్దరికమును, విశ్వవిద్యాలయపు అధ్యక్షతను వేరుచేసినందున ఆయన కొనసాగగలిగెను.

ఆ రోజులలో నోటర్ డేమ్ అనగా దేశములో అందరికిని ఫుట్‌బాలే. ఇది మన పిల్లలు కాలితో ఆడు ఫుట్‌బాలు కాదు. బంతిని చేతపట్టుకొని పరుగెత్తు అమెరికా ఆట. అధ్యక్షుడైన క్రొత్తలో ఒక పట్టణమున విలేఖరులు కూడివచ్చిరి. ఆయన సంతోషించెను. తీరా చూడగా అందరును ఆటల విలేఖరులే! ఫొటో తీయువాడు ఒక బంతి విసరి, వంగి దానిని పట్టుకొని నిలువుమనెను. మీరు ఇతర విశ్వవిద్యాలయపు అధ్యక్షుని ఈ విధముగా అడుగుదురా అని ఆయన నిరాకరించెను. చిన్న సంగతియే. అయితే అందులో ఆయన చేయదలచిన పని అంతయు కనబడుచున్నది. కతోలికులు ఆటలో గెలువగలరు, చదువులో కూడ నిలువగలరా? ఇదియే ఆయన ప్రశ్న.

లెక్కలు ఒకసారి చెప్పి ముందుకు పోవుదము. ఆయన వచ్చునప్పటికి విద్యార్థులు 4,979 మంది. దిగునప్పటికి సుమారు 9,600. వార్షిక వ్యయము 97 లక్షల డాలర్లనుండి 17 కోట్ల 66 లక్షలకు పెరిగెను. మూలధనము 90 లక్షలనుండి 35 కోట్ల డాలర్లకు చేరెను. 1963 లో 14 అంతస్తుల గ్రంథాలయమును తెరచిరి. దాని ముందుగోడమీద 134 అడుగుల యెత్తున, రంగు రాళ్లతో, బోధకుడైన క్రీస్తు చేతులెత్తి జ్ఞానుల నడుమ నిలిచినట్లు చిత్రమున్నది. ఆటస్థలమునుండి చూచినవారికి అది గెలుపు చూపించు అంపైరు చేతులవలె కనబడును గనుక విద్యార్థులు దానికి ఆటల పేరు పెట్టిరి. భక్తిగలవారు కొందరు నొచ్చుకొందురుగాని, పిల్లలు ప్రేమించినదానికే ముద్దుపేరు పెట్టుదురని నా అభిప్రాయము.

ఇక కష్టమైన సంగతులు.

1954 లో ఆ విశ్వవిద్యాలయపు ముద్రణశాల లోక వ్యవహారములలో కతోలిక సంఘపు పాత్రనుగూర్చి ఒక వ్యాస సంపుటిని ప్రచురించెను. అందులో జాన్ కోర్ట్‌నీ మర్రే అను జెస్యూటు గురువు వ్రాసిన వ్యాసమొకటి యుండెను. ప్రభుత్వము మతమును బలవంతముగా రుద్దరాదని, ఒకని మనస్సాక్షికి స్వేచ్ఛ ఉండవలెనని మర్రే చాలకాలముగా వాదించుచుండెను. రోములో అధికారముననున్న కార్డినల్ ఒట్టవియాని వంటివారికి ఇది గిట్టలేదు. పుస్తకమును వెనుకకు తీసికొనవలెనని సభ పెద్దలద్వారా హెస్బర్గు మీద ఒత్తిడి వచ్చెను. ఆయన విధేయతా ప్రమాణము చేసిన మనిషి. నావికుల యొద్దకు పోవద్దనిన పోలేదు, పాఠములు చెప్పుమనిన చెప్పెను, అధ్యక్షుడవు కమ్మనిన అయ్యెను. ఈసారి మాత్రము వెనుకకు తీయననెను.

చదువరీ, ఇది అవిధేయతయా? నేను చాలసేపు ఆలోచించితిని. నాకు తోచినది ఇది. తన శరీరము ఎక్కడ ఉండవలెను, ఏ పని చేయవలెను అనుట ప్రమాణమునకు లోబడిన విషయము. పండితుడు వ్రాసినదానిని, అది తప్పని ఎవరును చూపకుండనే, భయముచేత దాచివేయుట విశ్వవిద్యాలయమును నమ్మినవారికి చేయు ద్రోహము. ఆయన ఆ రెంటికి నడుమ గీత గీచెను. గీత సరిగా పడెనా లేదా అనుటకు పదకొండు సంవత్సరములు పట్టెను. 1965 డిసెంబరు 7 న రెండవ వాటికను మహాసభ మత స్వాతంత్ర్యమును గూర్చిన ప్రకటనను ఆమోదించెను. దానిని తయారుచేయుటలో సహాయపడినవారిలో ముఖ్యుడు ఆ మర్రేయే.

రెండవది మన పాఠకులకు ఇంకను దగ్గరగా తగులును. 1957 లో అమెరికా ప్రభుత్వము పౌరహక్కుల సంఘమును ఏర్పరచెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆరుగురిని నియమించెను. వారిలో హెస్బర్గు ఒకడు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి చట్టము కాగితముమీద ఓటునిచ్చెను, గుమాస్తా బల్లయొద్ద తీసికొనెను. ఓటరుగా నమోదు కావలెనన్న పరీక్ష. నల్లవాడు కళాశాలలో పాఠములు చెప్పు పండితుడైనను తప్పినట్లే. తెల్లవాడు సంతకము వచ్చీరానివాడైనను నెగ్గినట్లే. మన దేశములో 1950 లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడే అంటరానితనము రద్దయ్యెను. చదువు వచ్చినవారికిని రానివారికిని ఒకే ఓటు వచ్చెను. చట్టము వచ్చినంతమాత్రమున బావి దగ్గరికి రానిచ్చిరా అని మీరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. వాడ చివరనుండి క్రీస్తు నొద్దకు వచ్చిన కుటుంబములవారికి, కాగితపు హక్కుకును చేతి హక్కుకును గల దూరమును నేను వివరింపనక్కరలేదు.

ఆ సంఘములో ముగ్గురు దక్షిణాదివారు, ముగ్గురు ఉత్తరాదివారు. వారిలో ఎర్నెస్టు విల్కిన్సు అను న్యాయవాది నల్లజాతివాడు. 1958 డిసెంబరులో అలబామాలోని మాంట్‌గొమరీలో విచారణకు వెళ్లగా, ఆయనను తమతో కూడ దింపు హోటలు దొరకక, అందరును సైనిక విమాన స్థావరములో బస చేయవలసివచ్చెను. దేశాధ్యక్షుడు పంపిన మనుష్యులకే ఆ గతి.

1959 వేసవిలో లూసియానాలోని ష్రీవ్‌పోర్టులో మరియొక విచారణ పెట్టుకొనిరి. ముందురోజే న్యాయస్థానము దానిని ఆపివేసెను. నివేదిక వ్రాయు గడువు దగ్గరపడెను. విమాన స్థావరములో ఉక్క, రొద. సభ్యులు చిరాకుగా నుండిరి. హెస్బర్గు ఒక విమానమును ఏర్పాటు చేసి, వారందరిని ఉత్తరమున విస్కాన్సిను రాష్ట్రములో లాండ్ ఓ లేక్స్ అనుచోట తన విశ్వవిద్యాలయమునకున్న సరస్సుతీరపు బసకు తీసికొనిపోయెను. అక్కడ మంచి భోజనము పెట్టించి, సాయంకాలము చేపలు పట్టుటకు పడవలలో పంపెను. ఆరుగురికిని చేపల వేట ఇష్టమే! రాత్రి తిరిగివచ్చి కూర్చుండి సిఫారసులు ఒక్కొక్కటి చదివి చేతులెత్తిరి. 12 సిఫారసులలో 11 ఏకగ్రీవముగా నెగ్గినవి. మిగిలినదానికి ఒక్కడే వద్దనెను. దక్షిణాదివారును ఉత్తరాదివారును ఎట్లు కలిసిరని ఐసెన్‌హోవర్ ఆశ్చర్యపడగా, మీరు ఆరుగురు చేపలవారిని నియమించితిరని హెస్బర్గు చెప్పెనట. గలిలయ సముద్రతీరము తెలిసినవారికి ఇందులో వింత తోచదు. ఆ సిఫారసులలో పెక్కు తరువాత 1964, 1965 సంవత్సరముల చట్టములలో చేరెను.

1964 జూను 21 న షికాగోలోని సోల్జర్ ఫీల్డు మైదానములో వేలాదిమంది కూడిరి. ఆనాటి ఫొటో ఒకటి వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలలో ఉన్నది. అందులో మార్టిన్ లూథర్ కింగు అను బాప్తిస్టు పాస్టరును, హెస్బర్గు అను కతోలిక గురువును చేతులు పట్టుకొని పాడుచున్నారు. ఆ కాలమున ఆ రెండు సంఘముల పెద్దలు ఒకరి గుడిగుమ్మము ఒకరు తొక్కుటయే అరుదు.

ఆయన 1969 లో ఆ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. నిక్సన్ ప్రభుత్వము చట్టములను సరిగా నడుపుట లేదని బహిరంగముగా నివేదికలు ప్రకటించెను. 1972 నవంబరులో నిక్సన్ రెండవసారి ఎన్నికైన కొద్ది దినములకే ఆయనను రాజీనామా చేయుమనిరి. 15 సంవత్సరముల సేవ అట్లు ముగిసెను. ఆయన మాట్లాడుట మాత్రము మానలేదు.

ఒక మాట దాచక చెప్పవలెను. ఊరూర నల్లవారి ఓటుకొరకు తిరిగిన ఆ గురువు నడుపు విశ్వవిద్యాలయములోనే నల్లజాతి విద్యార్థులు చాలకాలము మిక్కిలి కొద్దిమంది. ఇంటి దీపము క్రింద చీకటి. 1925 తరువాత నూతన సంవత్సరపు పెద్ద ఫుట్‌బాలు పోటీలకు వెళ్లకుండ మానుకొనియున్న నోటర్ డేమ్, 1970 జనవరి 1 న మరల ఆడి, ఆ వచ్చిన సొమ్మును అల్పసంఖ్యాక విద్యార్థుల వేతనములకు పెట్టెను. ఆలస్యముగానైనను ఆటచేత చదువునకు వెల కట్టించిరి.

ఇప్పుడు మీరు జ్ఞాపకముంచుకొనిన సంగతికి వచ్చుచున్నాను. 1967 వరకు విశ్వవిద్యాలయపు భూమి, భవనములు, ధనము, అధికారము సమస్తము పవిత్ర సిలువ సభవారిదే. ఆ సంవత్సరము హెస్బర్గు తన సోదర గురువులను ఒప్పించి, పాలనాధికారమును సామాన్య విశ్వాసులు ఎక్కువగానున్న ధర్మకర్తల మండలికి అప్పగింపజేసెను. ఆరుగురు గురువులు, ఆరుగురు సామాన్యులు గల పన్నెండుమంది మూల సభ్యులుగా నిలిచిరి. అధ్యక్షుడు మాత్రము ఆ సభ గురువే కావలెనని నియమము. 2024 లో పదవిలోనికి వచ్చిన ఫాదర్ రాబర్టు డౌడును ఆ సభవాడే. గుడి కమిటీలో కోశాధికారి పదవిని ఒక ఏడాది వదులుటకే మనము ఎంత సతమతమగుదుమో ఎరుగుదుము గదా. 125 సంవత్సరములు చెమటోడ్చి కట్టినదానిని వారు ఎవరును మెడపట్టి అడుగకుండ ఇచ్చిరి. బాప్తిస్మము పొందినవాడు సంఘపు పనిలో కూలివాడు కాదు, వారసుడని యౌవనమున గ్రంథము వ్రాసినవాడు, నడివయస్సున దానిని దస్తావేజులో వ్రాసి చూపెనని నాకు తోచుచున్నది.

అదే సంవత్సరము జూలై నెలలో, ఆ చేపల సరస్సుతీరముననే, 26 మంది కతోలిక విద్యావేత్తలు కూడి ఒక ప్రకటన చేసిరి. కతోలిక విశ్వవిద్యాలయము నిజముగా విశ్వవిద్యాలయము కావలెనంటే, బయటి అధికారము గురువులదైనను మరెవరిదైనను, దానినుండి స్వేచ్ఛ గలిగి యుండవలెనని దాని సారము. దీనిమీద తగవు నేటికిని తీరలేదు. ఆ ప్రకటన తరువాత అనేక కతోలిక కళాశాలలు పేరుకు మాత్రమే కతోలికములై, లోకపు కళాశాలలతో కలిసిపోయెనని విమర్శించువారున్నారు. వారి మాటను త్రోసివేయను; తాడు వదలిన గొఱ్ఱె అన్నియు ఇంటికి రావు. 1990 లో పోపు రెండవ జాన్ పాల్ గారు కతోలిక విశ్వవిద్యాలయములను గూర్చి శాసనము వ్రాసి, సంఘముతో వాటి బంధమును మరల గట్టిగా చెప్పిరి. అయితే తాడు బిగించినంతమాత్రమున గొఱ్ఱె కాపరిని ప్రేమించునని కూడ చెప్పలేము. ఈ రెంటి నడుమ హెస్బర్గు స్వేచ్ఛవైపు నిలిచెను. దాని నష్టమును కూడ ఆయన పేరుమీదనే వ్రాసికొనవలెను.

వియత్నాము యుద్ధకాలమున అమెరికా విద్యార్థులు కార్యాలయములను ఆక్రమించుచుండిరి. 1969 ఫిబ్రవరి 17 న ఆయన ఒక ఉత్తరము వ్రాసెను. ఇతరుల పనిని బలముతో అడ్డగించువారికి ఆలోచించుకొనుటకు 15 నిమిషములు. అటుపిమ్మట సస్పెన్షను, ఇంకను వినకుంటే బహిష్కారము. దేశమంతట పత్రికలు మెచ్చుకొనెను. నిక్సన్ స్వయముగా పొగడి ఉత్తరము వ్రాసెను. ఆ పొగడ్తను అడ్డముపెట్టుకొని ప్రభుత్వము విశ్వవిద్యాలయములమీద చట్టములు తేబోవగా, ఇది మా పని, మీరు జోక్యము చేసికొనవద్దని ఉపాధ్యక్షుడు ఆగ్న్యూకు ఆయన వ్రాసెను. ఆ నవంబరులో పదిమంది విద్యార్థుల మీద ఆ నియమమును నడిపించిరి. ఇది కఠినమని అన్నవారు లేకపోలేదు. మరుసటి మే నెలలో, యుద్ధము కాంబోడియాకు ప్రాకినప్పుడు, యుద్ధము ముగియవలెనని ఆయనయే విద్యార్థుల యెదుట నిలిచి పలికెను.

1972 లో స్త్రీలను మొదటిసారి పట్టపు తరగతులలో చేర్చుకొనిరి. రోడ్డు అవతలనున్న సెయింట్ మేరీస్ స్త్రీల కళాశాలతో కలిసిపోవలెనని ముందు ప్రయత్నించిరిగాని కుదరలేదు. తొలి ఏడు మూడువందల మందికి పైగా బాలికలు వచ్చిరి. 130 ఏండ్లు మగవారి కోటగానున్నచోట ఇది చిన్న మార్పు కాదు.

బయటి పనులు చెప్పుటకు పుటలు చాలవు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో 1970 వరకు వాటికను ప్రతినిధి. ఆరవ పాల్ పోపుగారి కోరికపై యెరూషలేము బేత్లెహేముల నడుమ తంతూరులో, అన్ని సంఘముల పండితులు కూడి చదువు మందిరమును కట్టించెను. అది 1972 లో తెరువబడెను. 1979 మొదలు వలస వచ్చినవారి సమస్యను విచారించిన సంఘమునకు అధ్యక్షుడు. అదే 1979 లో, 61 ఏండ్ల వయస్సున, అధ్యక్షుడు కార్టరు అనుమతితో సైనిక విమానములో గంటకు 3,500 కిలోమీటర్ల వేగమున ఎగిరెను! ఇది సేవ కాదు, సరదా. గురువునకు ఒక్క సరదా ఉండకూడదా?

ఇన్ని పనులున్నవాడు ఇంట ఎప్పుడుండును? దేవునికి హెస్బర్గుకు భేదమేమి? దేవుడు అన్నిచోట్ల ఉన్నాడు, హెస్బర్గు నోటర్ డేమ్‌లో తప్ప అన్నిచోట్ల ఉన్నాడు. ఇది విద్యార్థుల పరిహాసము. ఆయన ఊరిలోనున్న రాత్రులలో మాత్రము అర్ధరాత్రి దాటినను గదిలో దీపము వెలుగుచుండెడిది. దీపము చూచి విద్యార్థులు తలుపు తట్టెడివారు. బయటి ఇనుప మెట్లెక్కి వచ్చినవారును కలరట. లెక్కలు, ఖర్చులు ఫాదర్ ఎడ్మండు జాయిసు చూచెడివాడు. ఆ 35 ఏండ్లును ఆయనే ఉపాధ్యక్షుడు. 1987 లో ఇద్దరును ఒకేసారి దిగి, ఇల్లువలె అమర్చిన బండిలో దేశపు పడమటి సీమలు చూచుటకు కలిసి బయలుదేరిరి. క్రొత్త అధ్యక్షుడు ఫాదర్ మలోయికి అడ్డము తగులకుండ దూరముగా ఉండుట వారి ఉద్దేశము. దిగిపోయినవారు దూరముగా ఉండుట ఎంత మేలో సంఘములవారు ఎరుగుదురు.

గ్రంథాలయమునకు ఆయన పేరు పెట్టిరి. దాని 13 వ అంతస్తులో ఆయనకు గదినిచ్చిరి. 2000 సంవత్సరమున ఆ దేశపు కాంగ్రెసు బంగారు పతకమునిచ్చెను. గౌరవ డాక్టరేటులు 150. కడపటి సంవత్సరములలో కన్నులు మసకబారెను. పుస్తకములతో నిండిన ఆ భవనములో కూర్చున్నవానికి అక్షరము కనబడలేదు. విద్యార్థులు వంతులవారీగా వచ్చి వార్తాపత్రికలు చదివి వినిపించిరి. గురుపట్టమొందిన దినమునుండి నిత్యము చేసిన పూజను ఆయన వృద్ధాప్యమందును విడువలేదు.

2015 ఫిబ్రవరి 26 రాత్రి, 97 ఏండ్ల వయస్సున, ఆయన ప్రభువునందు నిద్రించెను. మార్చి 4 న, గడ్డకట్టు చలిలో, దేవాలయమునుండి శ్మశానమువరకు దారి కిరుప్రక్కల విద్యార్థులు వరుసగా నిలిచిరి. వారిలో అనేకులు ఆయన పదవి విడిచిన తరువాత పుట్టినవారు. ఆ సభవారి శ్మశానములో సమాధులన్నిటికిని ఒకే కొలత రాతి సిలువలుండును. సోరినుకును అదే, తోటలో పనిచేసిన బ్రదరుకును అదే. హెస్బర్గు సిలువ ఆ వరుసలో ఒకటి.